పరాయి ఊరిలో క్రిస్మసు

వాక్యభాగములు: లూకా 2:1–20, 2 తిమోతి 4:9–22



డిసెంబరు నెల వచ్చినది. లోపలి గ్రామములలో వరికోతలు ముగియుచు కుప్పలు పడుచున్నవి. పిల్లలు వెదురుబద్దలు చీల్చి నక్షత్రములకు రంగుకాగితములు అంటించుచున్నారు. అరిసెలకు బియ్యము నానబోయు తల్లులు, కుట్టువాని యింటిచుట్టు తిరుగు తండ్రులు, పట్నములనుండి వచ్చు కుమారుల కొరకు బస్సుల వేళలు విచారించువారు, వీరందరిని మనము ప్రతి సంవత్సరము చూచుచునే యున్నాము. క్రిస్మసు అనగా ఇంటికి చేరు పండుగయని మనలో ఒక తలంపు నాటుకొని పోయినది. అయితే ఇంటికి చేరవలసిన ఈ దినములలోనే ఇల్లు విడిచి యుండవలసిన వారు మన మధ్య కొందరున్నారు. ఈ నెల పాఠము వారిని గూర్చినది.

మన దివిసీమకు చిట్టచివర, కృష్ణ సముద్రములో కలియు తావునకు సమీపమున, హంసలదీవి ప్రక్కన పాలకాయతిప్ప యున్నది. ఒకవైపు మడ అడవులు, ఒకవైపు ఇసుక, సరుగుడు చెట్లు, ఉప్పుగాలి. అచ్చటివారి బ్రతుకు వలమీదను పడవమీదను ఆధారపడినది. ఇట్టి తీరగ్రామములకు వెళ్లు సువార్తికులు తరచుగా లోపలి మాగాణి గ్రామములలో పుట్టినవారే. నాట్లు, కోతలు, కుప్పనూర్పిడులు వారెరుగుదురు గాని పోటుపాటులు ఎరుగరు. ఏ గాలికి పడవ దింపవచ్చునో, ఏ గాలికి దింపరాదో వారికి తెలియదు. వెళ్లిన తొలి సంవత్సరము అక్కడి మాటయు వంటయు నిద్రయు అన్నియు కొత్తగానే యుండును. పది నెలలు ఎట్లో గడచును. డిసెంబరు వచ్చునప్పటికి మనస్సు ఊరివైపు లాగును.

అట్టివారిలో కొందరు మమ్మును అడిగిన ప్రశ్న యిది: “అయ్యగారూ, పండుగ దినమున ఆరాధన ముగించి, తలుపు వేసి, మధ్యాహ్నపు బస్సుకు మా ఊరు వెళ్లిన తప్పా?” ఇంకొకరు మరింత సూటిగా అడిగిరి: “ఇరువది నాలుగవ తేదీననే వెళ్లి, మా అమ్మతో పండుగ చేసికొని వచ్చిన దేవునికి కోపము వచ్చునా?” ఈ ప్రశ్నలను చూచి నవ్వరాదు, కోపగించుకొనను రాదు. వాక్యములో వెదకి చూతము.

మొదట లూకా సువార్త. ఆ రాత్రి బేత్లెహేములో ఎవరు తమ యింట నుండిరి? యోసేపు మరియలు నజరేతువారు. నజరేతునకును బేత్లెహేమునకును సుమారు 150 కిలోమీటర్లు, కొండదారి. నిండు చూలాలు అంతదూరము నడచుటకుగాని గాడిదమీద కూర్చుండుటకుగాని ఎన్ని దినములు పట్టునో మన ఇండ్లలోని పెద్ద స్త్రీలు చెప్పగలరు. వారు పండుగకు పోలేదు. కైసరు ఆజ్ఞవలన, ప్రజాసంఖ్యలో పేరు వ్రాయించుకొనుటకు పోయిరి. బేత్లెహేము యోసేపు పితరుల ఊరు నిజమే, కాని సత్రములో స్థలము దొరకని ఊరిని ఇల్లని ఎట్లు పిలుతుము? మరియకు పురుటిలోపల తల్లి లేదు, అత్త లేదు. మన గ్రామములలో తొలికాన్పునకు బిడ్డను పుట్టింటికి తెచ్చుకొందుము గదా. దేవుని కుమారుని కనిన తల్లికి ఆ భాగ్యము లేకపోయెను. మనము ప్రతి క్రిస్మసునకు తాటాకుపాక కట్టి బొమ్మలు పెట్టుదుము గాని, ఈ సంగతిని తలంచువారు తక్కువ.

తరువాత కాపరులు. వారు ఆ దేశమువారే, బహుశః వారి యిండ్లు దగ్గరనే యుండెను. అయినను వారు ఇంట లేరు. రాత్రివేళ పొలములో మంద కాచుకొనుచుండిరి. ఊరిలోనివారు నిద్రించుచుండగా ఎవరికి పనివలన ఇల్లు చేరుటకు వీలులేకపోయెనో వారియొద్దకే దూత వచ్చెను. 20వ వచనము చూడుడి. వారు శిశువును చూచి, దేవుని మహిమపరచుచు మరల తిరిగి వెళ్లిరి. ఎక్కడికి? మందయొద్దకే గదా. గొఱ్ఱెలు పండుగయని ఊరకుండునా? రాత్రి వేటకు పోయి తెల్లవారి వల దులుపుకొను జాలరికి ఈ కాపరుల సంగతి మనకంటె బాగుగా అర్థమగునని మేము తలంచుచున్నాము.

జ్ఞానులు తూర్పుదేశమునుండి వచ్చిన పరదేశులు. వారు వెళ్లిన తరువాత ఆ చిన్న కుటుంబము ఐగుప్తునకు పారిపోవలసి వచ్చెను. ఇంకను వెనుకకు పోయిన యెడల, ఆ బేత్లెహేములోనే పరిగె యేరుకొనిన రూతు మోయాబుదేశపు స్త్రీ. ఆమె తన తల్లి యింటికి తిరిగి పోయి యున్నయెడల దావీదు వంశావళి వేరుగా వ్రాయబడి యుండును. యోహాను మొదటి అధ్యాయము 14వ వచనమున వాక్యము మన మధ్య నివసించెనని చెప్పుటకు గ్రీకు మూలములో వాడిన మాటకు గుడారము వేసికొనెనని భావము. గుడారమనగా మన తీరములో తాటాకుపాక వంటిదే. గాలి వచ్చిన ఎగిరిపోవును, వాన వచ్చిన కారును. తండ్రి యింటిని విడిచి వచ్చి పాకలో కాపురముండిన వాని పుట్టుకనే మనము పండుగగా చేయుచున్నాము.

కనుక మొదటి క్రిస్మసులో తన యింట, తన పొయ్యియొద్ద, తన వారి మధ్య కూర్చుండినవారు ఒక్కరును లేరు. ఇది వినిన తరువాత మన సువార్తికునికి కొంత ధైర్యము కలుగును. కాని తల్లి జ్ఞాపకము మాత్రము పోదు. ఆ సంగతికి తరువాత వచ్చెదము.

మన ప్రాంతపు చరిత్రలో ఇట్టివారు లేకపోలేదు. రాబర్టు టర్లింగ్టను నోబిలుదొరగారు 1841లో చర్చి మిషనరీ సొసైటీ పక్షమున హెన్రీ వాట్సను ఫాక్సుగారితో కూడ బందరునకు వచ్చిరి. ఫాక్సుగారు ఆరోగ్యము చెడి ఇంగ్లండునకు తిరిగి వెళ్లి 1848లో మరణించిరి. నోబిలుగారు 1843లో పాఠశాల స్థాపించి, తమ దేశము మరల చూడకుండగనే ఇక్కడ ఇరువదికి పైగా క్రిస్మసు పండుగలు గడిపిరి. 1864 నవంబరు 1న బందరుమీదికి తుపాను వచ్చెను. సముద్రము ఊరిమీద పడెను. సుమారు 30,000 మంది చనిపోయిరి. ఆ తరువాత ఎనిమిది వారములు తిరుగకమునుపే క్రిస్మసు వచ్చెను. నోబిలుగారు ఆ ఊరు విడువలేదు. మరుసటి సంవత్సరము అక్టోబరులో వారును బందరులోనే ప్రభువునందు నిద్రించిరి. అనగా, ఆ తుపాను వెనుక వచ్చిన క్రిస్మసే వారి కడపటి క్రిస్మసు. మంచుదేశములో పుట్టిన యొకడు, సగము ఊరు సమాధియైన చోట, శవములను పూడ్చిన చేతులతో రొట్టె విరిచిన పండుగ అది.

మన తీరములో క్రిస్మసు ఎల్లప్పుడును తుపానుల కాలము చివరన వచ్చునను మాట లోపలి గ్రామములవారు మరచిపోవుదురు. నవంబరు నెలంతయు ఆకాశమును చూచుచు గడపినవారికి డిసెంబరు 25 అనగా ఆ యేటి గండము గడచెనను కృతజ్ఞత కూడ కలిసి వచ్చును. కొన్ని యేండ్లు గండము గడవదు. 1977 నవంబరు 19, శనివారము. ఆ తేదీ దివిసీమలో చెప్పనక్కరలేదు. ఉప్పెన తాడియెత్తున వచ్చెనని పెద్దలు చెప్పుదురు. సొర్లగొంది, హంసలదీవి, పాలకాయతిప్ప మొదలైన గ్రామములలో కుటుంబములు కుటుంబములే కొట్టుకొని పోయినవి. ప్రభుత్వపు లెక్క ప్రకారమే మృతులు పదివేలకు పైన. మరునాడు ఆదివారము. ఆరాధన గంట కొట్టుటకు కొన్నిచోట్ల గంటయు లేదు, కొట్టువాడును లేడు.

ఆ సంవత్సరము క్రిస్మసు కూడ ఆదివారముననే వచ్చెను. ఉప్పెన వచ్చిన 36వ దినము అది. చేలలో ఉప్పునీరు నిలిచి నేల చెడినది, బావుల నీరు నోట పెట్టుకొన వీలు లేదు. అప్పుడు దివిసీమలో ఎందరో పరాయి ఊళ్లవారు ఉండిరి. మదర్ తెరిసాగారు వచ్చిరి. క్రైస్తవ సహాయసంస్థలవారు, రామకృష్ణ మిషనువారు, మరి యే మతమును చెప్పుకొనని యువకులు, విద్యార్థులు వచ్చిరి. వారిలో క్రైస్తవులైనవారు ఇంటికి పోయి కొత్తబట్టలు కట్టుకొని యుండవచ్చును. బురదలో నిలిచి బియ్యము కొలిచి పోయుటలో పండుగ గడపిరి. అన్యులైన సేవకులును అదే పని చేసిరని చెప్పుటకు మేము వెనుదీయము. మేలు చేసినవానిని మెచ్చుకొనుటకు వాని మతము అడుగవలెనా? మంచి సమరయుని కథలో ప్రభువు అడుగలేదు.

ఇట్టి ఊరికి ఈనాడు పంపబడు సేవకుడు ఈ సంగతి ఎరిగి వెళ్లవలెను. పాలకాయతిప్పవంటి చోట పెద్దవారి మనస్సులో నవంబరు 19 ఒకటి, డిసెంబరు 25 ఒకటి ప్రక్కప్రక్కనే యుండును. పండుగ నాడు ముసలమ్మ ఒకతె పాట మధ్యలో ఊరకుండి పోవును. పోయిన బిడ్డల పేర్లు ఆమెకు ఆ వేళ జ్ఞాపకము వచ్చును. రామా అనుచోట రాహేలు యేడ్చిన మాటను మత్తయి క్రిస్మసు కథలోనే వ్రాసెను గదా. ఆ వేళ ఆమె ప్రక్కను కూర్చుండువాడు కావలెను. బస్సు వేళకు గడియారము చూచుకొను బోధకుడు ఆమె ప్రక్కను కూర్చుండలేడు.

పరదేశులు మాత్రమే ఇల్లు విడిచిరని యనుకొనరాదు. వేదనాయకం సామ్యూలు అజరయ్యగారు తిరునల్వేలి ప్రాంతపు తమిళులు. 1905 డిసెంబరు 25న, సరిగా క్రిస్మసు దినముననే, బెంగాలులోని శ్రీరాంపురమున నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపించినవారిలో ఆయన ఒకరు. భారతీయులే భారతదేశములో సువార్త చెప్పవలెనను ఆ సంఘమును తమ కుటుంబములకు దూరముగా కూర్చుండి పండుగ నాడు ఏర్పరచిరి. తరువాత 1909లో అజరయ్యగారు, తమ భార్యయైన అన్బు మరియమ్మాళ్ గారితో దోర్నకల్ వచ్చి, ముప్పది యేండ్లు దాటిన వయస్సులో తెలుగు నేర్చుకొనిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషపుగా ప్రతిష్ఠింపబడిరి. 1945 జనవరి 1న, క్రిస్మసు గడచిన వారమునకు, దోర్నకల్‌లోనే మరణించిరి. ఆయన కట్టించిన దేవాలయము 1939 జనవరి 6న, పరదేశులైన జ్ఞానులకు క్రీస్తు ప్రత్యక్షమైన పండుగ నాడు ప్రతిష్ఠింపబడి, ఆ పండుగ పేరే ధరించినది. తమిళనాటి తాటితోపులనుండి వచ్చి తెలుగు పల్లెలలో జీవించినవానికి ఆ పేరు ఎంత తగియున్నదో చూడుడి.

తెలుగువారు కూడ పోయిరి. ఇది మన పిల్లలకు తప్పక చెప్పవలసిన సంగతి. 1860నుండి చెన్నపట్నపు రేవునుండి ఓడలు దక్షిణాఫ్రికాలోని నేటాలునకు కూలీలను తీసికొని పోవుచుండెను. అయిదేండ్ల ఒప్పందము, చెరుకుతోటలు, తేయాకుతోటలు. వారిలో తెలుగు క్రైస్తవులును కొందరుండిరి. వారికి బోధకుడు కావలెనని కోరగా, నెల్లూరు ప్రాంతపు బాప్తిస్టు సంఘములవారు జాన్ రంగయ్యగారిని పంపిరి. తెల్లవారి ధనముమీద ఆధారపడక మన తెలుగు సంఘములు చందాలు పోగుచేసి పంపిన సేవకుడాయన. 1903లో కుటుంబముతో డర్బను చేరెను. ఆ యేటి డిసెంబరు 27న, క్రిస్మసు శుక్రవారము గడచి వచ్చిన ఆదివారమున, కియర్స్‌నీ అను తేయాకు తోటలో మొదటి తెలుగు బాప్తిస్టు సంఘము ఏర్పడెను.

ఆ క్రిస్మసును కొంచెము ఊహింపుడి. ఆ దేశములో డిసెంబరు నడివేసవి. కోతల చలి లేదు, మంచు లేదు, తెల్లవారుజామున పొగమంచులో పాడుకొనుచు తిరుగుట లేదు. చుట్టును ఉన్నవారు సముద్రము దాటి వచ్చి, మరల దాటుటకు చేతిలో డబ్బులేనివారు. బోధకుడు ఒకడే ఇల్లు విడిచి వచ్చినవాడు కాడు. వినువారందరును ఇల్లు విడిచినవారే. ఇట్టి గుంపులో బేత్లెహేము కథ చదివిన, ఊరిలో ఏటేట విని చెవులు మొద్దుబారిన మనకంటె వారు దానిని ఎక్కువగా గ్రహించి యుందురు. రంగయ్యగారు 1915లో ఆ దేశములోనే కన్నుమూసిరి. ఆయన నాటిన సంఘములు ఈనాటికిని అచ్చట నిలిచి యున్నవి.

ఇక్కడ ఒక చిన్నమాట. మన తీరగ్రామములలో కొన్నిచోట్ల సరుగుడు కొమ్మ నరికి తెచ్చి, దానిమీద దూది అంటించి క్రిస్మసు చెట్టని నిలుపుచున్నారు. ఆ దూది ఏమని పిల్లలనడిగిన, మంచు అని చెప్పుదురు. పాలకాయతిప్పలో మంచు ఎవరు చూచిరి? నోబిలుగారి ఊరిలో మంచు పడును, కాబట్టి వారికి అది ఇంటి జ్ఞాపకము. వారి ఇంటి బెంగను మనము పండుగ ఆచారముగా చేసికొంటిమి! మేము దూదిని నిషేధించుట లేదు, పిల్లలకు ముచ్చటగానే యుండును. కాని లోపలి ఊరినుండి వెళ్లు సువార్తికుడు కూడ ఇదే పని చేయునని ఎరుగవలెను. మా ఊరిలో ఇట్లు చేయుదుమని పట్టుబట్టి, తీరమువారిమీద తన ఊరి క్రిస్మసును మోపును. ఉదయము పదిగంటలకే ఆరాధన యని ఎక్కడ వ్రాయబడినది? పడవలు ఏ వేళకు ఒడ్డుకు వచ్చునో, ఆడవారు చేపలు అమ్ముకొని ఏ వేళకు తిరిగివత్తురో విచారించి గంట కొట్టవలెను. వలలు ఆరవేయు ఇసుకమీదనే చాప పరచి ఆరాధన చేసినను ప్రభువునకు తక్కువ కాదు. ఆయన శిష్యులలో నలుగురు వలలవారు.

ఇప్పుడు తల్లి మాట. ఇల్లు తలంచుకొనుట పాపమని మేము చెప్పము. తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలో పౌలు ముసలివాడై చెరసాలలో నుండెను. అంతటి అపొస్తలుడు ఏమి వ్రాసెను? త్వరగా రమ్మని ఒకమారు, చలికాలమునకు ముందే రమ్మని మరియొకమారు. త్రోయలో విడిచిన అంగీని తెమ్మనెను, పుస్తకములు తెమ్మనెను. దేమా తనను విడిచిపోయెనని, లూకా మాత్రము తనయొద్ద ఉన్నాడని చెప్పుకొనెను. ఒంటరితనమును దాచుకొని, నాకేమియు కొదువలేదని పౌలు బిగదీసికొని వ్రాయలేదు. మన సేవకులు తమ ఉత్తరములలో, ఇప్పుడు ఫోనులలో, “ఇక్కడ అంతయు క్షేమమే, ఆరాధన దివ్యముగా జరిగినది” అని మాత్రమే చెప్పుచుందురు. అది వారి మంచితనమే. కాని సంఘపెద్దలు ఆ మాటవెనుక ఏమున్నదో విచారింపవలెను.

ఆ ప్రశ్న అడిగిన సువార్తికులతో మేము చెప్పినది ఇది. పండుగ ఆరాధనను, ఆ సాయంత్రమును, మరునాటి దర్శనములను విడిచి వెళ్లవద్దు. తీరమువారికి సంవత్సరములో అది యొక్క దినము. ఇరువది యేడవ తేదీన బయలుదేరి మీ ఊరు వెళ్లుడి, అచ్చట వారము రోజులుండుడి, ఆ వారపు ఆరాధనను సంఘపెద్దలు నడిపింతురు. అరిసెలు వారము నిలువవా? అయితే తల్లి మంచము పట్టి, మరియొక క్రిస్మసు చూచునని నమ్మకము లేనియెడల, ఇరువది నాలుగున గాదు, ఈ దినముననే వెళ్లుడి. తలిదండ్రులకు చేయవలసినదానిని దేవార్పితమని చెప్పి ఎగగొట్టినవారిని ప్రభువు మత్తయి 15లో గద్దించెను. సిలువమీద వ్రేలాడుచు ఆయన తన తల్లిని ఒకరి యింటికి అప్పగించెను. ఆ దినమున పాలకాయతిప్పలో వాక్యము చదువుటకు ఎవరు లేకున్నను, చదువుకొనిన జాలరి బిడ్డ యొకడు లూకా రెండవ అధ్యాయము తప్పులతోనైనను చదువును. వినువారు వినుదురు.

భార్యాబిడ్డల మాట కూడ మరువరాదు. పిలుపు వచ్చినది భర్తకు, ఇల్లు విడిచినది భార్య. పుట్టింటినుండి అన్నదమ్ములు వచ్చి తీసికొని పోవలసిన పండుగకు ఆమె సముద్రపు హోరు వినుచు పొయ్యి ఊదుకొనును. రంగయ్యగారిని గూర్చి, అజరయ్యగారిని గూర్చి వ్రాసినవారు వారి భార్యలను గూర్చి రెండు మాటలు వ్రాసి ఊరకుండిరి. ఇది న్యాయముగా లేదు. తీరగ్రామపు స్త్రీలు పండుగనాడు బోధకుని యింటికి చేపలు పంపుదురు, అది వారి ప్రేమ. చేపలు పంపుటతో ఆగక, ఆ పూట ఆమెను తమ యింటికి పిలుచుకొని, పీటవేసి కూర్చుండబెట్టి వడ్డించిన యెడల, ఆమె సంవత్సరమంతయు దానిని తలంచుకొనును.

లోపలి గ్రామముల సంఘములకు ఒక మనవి. చీనాదేశములో సేవచేసిన లాటీ మూను అను అమెరికా దేశపు స్త్రీ, స్వదేశపు స్త్రీలు క్రిస్మసునకు ముందు ప్రార్థించి కానుక పోగుచేసి మిషనరీలకు తోడ్పడవలెనని 1887లో వ్రాసెను. ఆమె 1912 డిసెంబరు 24న, స్వదేశమునకు తిరిగివెళ్లు ఓడలో, జపానుదేశపు కోబే రేవులో మరణించెను. ఇల్లు చేరలేదు. ఆ కానుక మాత్రము నేటికిని ఏటేట ఆమె పేరున ఎత్తబడుచున్నది. మనకు డాలర్లు లేవు గాని గాదెలున్నవి. ఈ యేడు పంట ఇంటికి వచ్చుచున్నది. తీరగ్రామములలో కొత్తబియ్యము పండదు. మర పట్టించిన వెంటనే ఇంటికి రెండు కుంచముల చొప్పున సంఘపెద్దయొద్దకు చేర్చిన యెడల, ఇరువది మూడవ తేదీ లోపున కోడూరు మీదుగా పంపవచ్చును. సంచి నోరు గట్టిగా కుట్టుడి, దారిలో ఉప్పుగాలి తగులును. లోపల ఒక కాగితముమీద పంపిన ఇంటివారి పేర్లు వ్రాసి పెట్టుడి. తెలిసిన ఊరి పేరు, తెలిసిన చేతివ్రాత చూచుటకు ఆ యింటిలోనివారు ఎదురుచూచుచుందురు.